రాతిలో స్త్రీ – వ్రాతలో స్త్రీ

శ్రవణబెళగొళలో వింధ్యగిరి మెట్లెక్కి పోయిన యాత్రికుడు మొట్టమొదట తల పైకెత్తి చూచును. 58 అడుగుల ఎత్తున, ఏకశిలలో, క్రీ.శ. 981 ప్రాంతమున గంగరాజుల మంత్రి చాముండరాయడు చెక్కించిన గోమ్మటేశ్వరుడు ఎదుట నిలిచియుండును. ఆ మూర్తిని చూచిన కన్ను మరియొకదానిపై నిలువదు. కాని ఆ స్వామి కెదురుగా, ఆవరణ ద్వారము వద్ద, మనిషి ఎత్తున ఒక ముదుసలి స్త్రీ విగ్రహమున్నది. ఆమె చేతిలో చిన్న కాయ డొల్ల. ఆమె పేరు గుళ్ళకాయజ్జి, అనగా గుళ్ళకాయ చేతబట్టిన అవ్వ.

చాముండరాయడు కడవలకొలది పాలతో అభిషేకము చేయించినను ఆ పాలు స్వామి తొడలు దాటి క్రిందికి దిగలేదనియు, ఈ అవ్వ తన కాయ డొల్లలో తెచ్చిన కొలది పాలు పోయగానే స్వామి పాదముల వరకు తడిసి కొండపై ప్రవహించెననియు ఐతిహ్యము. కట్టించినవాని మనస్సులో గర్వము పుట్టగా దానిని దించుటకు కూష్మాండినీ దేవియే అవ్వ రూపమున వచ్చినదని పెద్దలు చెప్పుదురు. 2018లో జరిగిన మహామస్తకాభిషేకమునకు దేశమంతటినుండి జనులు వచ్చిరి. వారిలో ఎందరు ఆ అవ్వ యెదుట నిలిచి ఒక్క క్షణమైన ఆలోచించిరో చెప్పలేము.

అధికారము ఎవరిది, విగ్రహములో అది ఎట్లు కనబడును, స్త్రీకి అందులో ఎంత చోటు దొరికినది అనునదే ఈ పాఠములోని విషయము.

శిల్పి వాడిన గుర్తులు

ప్రాచీన శిల్పి అక్షరము లేకుండ అధికారమును నాలుగు గుర్తులతో చెప్పెను. మొదటిది పరిమాణము: పెద్దవానిని పెద్దగా, సేవకుని చిన్నగా చెక్కుట. రెండవది స్థానము: ఎవరు నడుమ, ఎవరు ప్రక్కన, ఎవరు ఆసనముపై, ఎవరు నేలపై అనునది. మూడవది ఛత్రచామరములు: ఎవరిపై గొడుగు పట్టబడినది, ఆ గొడుగు ఎవరు పట్టిరి అనునది. నాలుగవది చేతిలోని వస్తువు: కత్తియా, పుస్తకమా, పండ్లగుత్తియా, దండయా.

జైన శిల్పములో ఒక విశేషమున్నది. అందరికన్న పెద్దగా చెక్కబడిన తీర్థంకరుని చేతిలో ఆయుధము లేదు, ఒంటిపై నగ లేదు. ఐనను ఆయన తలపై మూడు ఛత్రములు నిలుచును. అన్నిటిని విడిచినవాడే అన్నిటికన్న పెద్ద అని అర్థము. ఆయన పాదముల వద్ద రాజైనను రాణియైనను చిన్నవారే. కావున జినమూర్తి ప్రక్కన స్త్రీ చిన్నదిగా ఉన్నంత మాత్రమున ఆమెను తక్కువ చేసిరని తొందరపడి చెప్పరాదు. ఆ ప్రక్కనే ఉన్న పురుషుడు ఎంత ఉన్నాడో చూచి పోల్చవలెను.

ఈ నాలుగు గుర్తులు కాక ఐదవదొకటి కలదు. అది పీఠముపైని వ్రాత. ఖాతా పుస్తకపు అట్ట చూచి లాభనష్టములు చెప్పగల వర్తకుడు ఎక్కడను లేడు. లోపలి పద్దు చదువవలెను. శిల్పము అట్టవంటిది, శాసనము పద్దువంటిది. రెండును కలిపి చూచిననే నిజము తెలియును.

మథురలోని పద్దులు

మథుర నగరమునకు చేరువగా కంకాళీ టీలా అను దిబ్బయున్నది. 1888 నుండి 1891 వరకు అక్కడ జరిగిన త్రవ్వకములలో ఒక ప్రాచీన జైన స్తూపపు శిథిలములును, వందలకొలది శిల్పములును బయటపడినవి. వాటిలో చాల భాగము నేడు లక్నో మ్యూజియములో ఉన్నవి. రెండువేల సంవత్సరముల నాటి జైన గృహస్థుల జీవితమును తెలుపు సాక్ష్యములలో వాటిని మించినవి అరుదు.

అచ్చటి జినమూర్తుల పీఠములపై సాధారణముగా నడుమ ధర్మచక్రము, దానికొక వైపున పురుషులు, రెండవ వైపున స్త్రీలు చేతులు జోడించి నిలిచియుందురు. సాధువు, సాధ్వి, శ్రావకుడు, శ్రావిక అను చతుర్విధ సంఘమే అది. రాజసభను చెక్కిన శిల్పి రాజును పెద్దగాను తక్కినవారిని చిన్నగాను చూపును. ఈ పీఠములపై స్త్రీల వరుస పురుషుల వరుసకు సరిజోడుగా నిలిచినది.

ఇక వ్రాత. కుషాణుల కాలమున, 15వ సంవత్సరమున, ఒక సర్వతోభద్రికా ప్రతిమ, అనగా నాలుగు ముఖములవైపు నలుగురు జినులు గల ప్రతిమ, ప్రతిష్ఠింపబడినది. దానిని ఇచ్చినది కుమారమిత్ర అను స్త్రీ. ఆమె వేణి యను శ్రేష్ఠి యొక్క మొదటి భార్య, భట్టిసేనుని తల్లి. ఆ దానమునకు ఆమెను ప్రేరేపించినది ఆర్య వసుల అను సాధ్వి. ఆ వసుల ఆర్య సంగమిక శిష్యురాలు. ఒక్క పీఠముపై ముగ్గురు స్త్రీల పేర్లు: ధనమిచ్చిన గృహిణి, ఉపదేశించిన సాధ్వి, ఆ సాధ్వికి గురువైన సాధ్వి. శ్రేష్ఠి ఇంట డబ్బు ఏ ధర్మమునకు పోవలెనో చెప్పగల స్త్రీ యుండెననియు, ఆమెకు మాట చెప్పగల సాధ్వీపరంపర యుండెననియు ఈ పీఠమువలన తెలియుచున్నది. పైనున్న నాలుగు జినమూర్తులను మాత్రమే చూచి వచ్చినవారికి ఇందులో ఒక్కటియు తెలియదు.

ఐనను ఇంకొక సంగతి దాచరాదు. కుమారమిత్రను ఆ వ్రాత ఒకరి కుమార్తె, ఒకరి కోడలు, ఒకరి భార్య, ఒకరి తల్లి అని నాలుగు బంధుత్వములతో చెప్పినది. ఆమెకు పేరున్నది, ధనమున్నది, కాని ఆమెను గుర్తించుటకు చుట్టు ఇంతమంది కావలసివచ్చిరి. గౌరవమును, కట్టుబాటును ఒకే పంక్తిలో ఉన్నవి.

ఈ కట్టునకు వెలుపల నిలిచిన స్త్రీ కూడ మథురలో కనబడును. అచ్చట దొరికిన ఒక ఆయాగపటముపై స్తూపము, మెట్లు, తోరణము, స్తూపమునకిరువైపుల స్త్రీమూర్తులు చెక్కబడినవి. దానిని అర్హంతుల పూజకై నెలకొల్పినది లోణశోభిక అను గణిక కుమార్తెయైన వసు. పటము మాత్రమే కాక గుడి, పూజామండపము, నీటి తొట్టి కూడ ఆమె ఇచ్చినది. ఆ వ్రాతలో భర్త పేరు లేదు. మొదట తల్లి పేరు, పిమ్మట తన పేరు. సంఘములో ఆమె స్థానము ఏదైనను, అర్హంతుని ముందు ఆమె దానము అందరి దానమువలెనే స్వీకరింపబడినది.

గొడుగు క్రింది స్త్రీ

కంకాళీ టీలాలో దొరికిన మరియొక ఫలకము ఈ విషయమున మిక్కిలి ముఖ్యమైనది. మహాక్షత్రప శోడాసుని కాలమున, 42వ సంవత్సరమున అని కొందరు, 72వ సంవత్సరమున అని కొందరు చదివిరి, అమోహిని అను శ్రావిక తన ముగ్గురు కుమారులతో కలిసి దానిని ప్రతిష్ఠించెను. నడుమ ఒక పూజ్య స్త్రీ కుడిచేయి ఎత్తి నిలిచియున్నది. ఒక పరిచారిక ఆమెపై గొడుగు పట్టినది, ఒకతె విసనకర్ర పట్టినది, ఒకతె పూలదండ పట్టినది. వ్రాతలో ఆ మూర్తిపేరు ఆర్యవతి.

నాలుగు గుర్తులను ఇచ్చట వరుసగా చూడవచ్చును. పరిమాణమున ఆమెయే పెద్ద. నడుమ స్థానము ఆమెది. ఛత్రము ఆమెపైననే. ఎత్తిన చేయి అభయమిచ్చు చేయి. రాజునకు చేయు మర్యాద లన్నియు ఆమెకు చేయబడినవి, ప్రక్కన రాజు లేడు. ఆ ఫలకమును ప్రతిష్ఠించినది కూడ స్త్రీయే. వ్రాతలో తల్లి ముందు, కుమారులు వెనుక.

అదే దిబ్బలో తల లేని సరస్వతీ విగ్రహము దొరికినది. ఎడమ చేత పుస్తకము. నేటివరకు తెలిసిన సరస్వతీ విగ్రహములలో అతి ప్రాచీనమైన వాటిలో ఒకటిగా అది ఎన్నబడుచున్నది. 54వ సంవత్సరమున దానిని ఇచ్చినవాడు గోవ అను ఇనుపపని చేయువాడు. విద్యకు రూపమియ్యవలసి వచ్చినపుడు ఒక పనివాడు స్త్రీరూపము నిచ్చి, ఆమె చేత పుస్తకము పెట్టించెను. ఐతే చదువు దేవతకు పుస్తకము చేతికిచ్చిన సంఘము తన యింటి ఆడపిల్లకు పుస్తకమిచ్చెనా అను ప్రశ్న వేరు. దానికి విగ్రహము సమాధానము చెప్పజాలదు.

పేరు లేని పట్టమహిషి

మథురనుండి కళింగమునకు వచ్చినచో చిత్రము మారును. భువనేశ్వరమునకు చేరువనున్న ఉదయగిరి, ఖండగిరి గుహలు క్రీస్తునకు పూర్వము జైన మునుల నివాసమునకై తొలువబడినవి. హాథీగుంఫాలో ఖారవేలుని దీర్ఘ శాసనము ప్రసిద్ధము. రాణీగుంఫాలో స్తంభముల మండపము క్రింద ఒక స్త్రీ నృత్యము చేయుచుండగా స్త్రీలే వాద్యములు వాయించుచున్న దృశ్యమున్నది. మరియొక చోట ఒక స్త్రీ కత్తియు డాలును పట్టి పురుషునితో పోరాడుచున్నది. ఆ వెంటనే పురుషుడు స్త్రీని ఎత్తుకొనిపోవు దృశ్యము. ఆ కథ ఏదియో పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. కత్తి స్త్రీ చేతికి ఇచ్చిన శిల్పియే చివరకు గెలుపు పురుషునిదిగా చూపెను.

ఇచ్చట మంచపురి గుహ పై అంతస్తున ఒక చిన్న శాసనము కలదు. కళింగమునందలి అర్హత శ్రమణులకై ఆ గుహను తొలిపించినది ఖారవేలుని పట్టమహిషి యని అందున్నది. ఆమె తండ్రి లాలాకుని పేరున్నది. భర్త ఖారవేలుని పేరును, చక్రవర్తి బిరుదమును ఉన్నవి. ఆమె పేరు మాత్రము లేదు.

మథురలో ఒక శ్రేష్ఠి భార్య పేరును, ఒక గణిక పేరును రెండువేల ఏండ్లు నిలువగా, కళింగమున చక్రవర్తి రాణి పేరు నిలువలేదు. కొండను తొలిపించునంత అధికారము, ధనము ఆమెకుండెను. చేసిన పని రాతిలో నిలిచినది, చేసిన మనిషి వ్రాతలో నిలువలేదు. ఎక్కువ పదవిలో ఉన్నవారికి ఎక్కువ స్వాతంత్ర్యముండునని అనుకొనుట ఎంత పొరపాటో ఈ ఒక్క పంక్తి తెలుపును.

అంబిక, బాహుబలి

ఎల్లోరాలోని 32వ గుహకు ఇంద్రసభ యని పేరు. అక్కడ ఏనుగునెక్కిన యక్షుని చూచి పూర్వపు సందర్శకులు ఇంద్రుడని భ్రమపడిరి. ఎదుట మామిడిచెట్టు క్రింద సింహముపై కూర్చున్న దేవిని ఇంద్రుని భార్య యగు ఇంద్రాణి యనిరి. ఆమె నిజముగా నేమినాథుని శాసనదేవి అంబిక, కూష్మాండిని యని కూడ ఆమె పేరు. తన స్థానమున తాను కూర్చున్న స్త్రీని చూచి, ఈమె ఎవరి భార్యయో యని వెదకుట చూచువారి అలవాటు. ఆ తప్పు శిల్పిది కాదు.

అంబిక పూర్వకథ జైన కుటుంబములలో తెలియనిది కాదు. అగ్నిల అను గృహిణి మునికి ఆహారమిచ్చినందుకు భర్త కోపించి ఆమెను బిడ్డలతో ఇల్లు వెడలగొట్టెను. ఆమె ప్రాణము విడిచి యక్షియై జన్మించెను. పశ్చాత్తాపపడిన భర్త మరణించి ఆమెకు వాహనమైన సింహముగా పుట్టెను. విగ్రహమున బిడ్డ ఒడిలో, మామిడిపండ్ల గుత్తి చేతిలో, సింహము పాదముల క్రింద. ఒక పిడికెడు అన్నము దానమిచ్చు అధికారము స్త్రీకి కలదా అను తగవే ఆ కథలో మూలము. ఆ తగవులో తీర్పు ఎవరి పక్షమో శిల్పి సింహమును చూపి చెప్పెను.

ఎల్లోరాలోను, బాదామి, ఐహోళె గుహలలోను బాహుబలి మూర్తికి ఇరువైపుల ఇద్దరు స్త్రీలు నిలిచియుందురు. తపస్సులో ఆయన దేహమును చుట్టుకొన్న తీగెలను తొలగించువారు విద్యాధర స్త్రీలని జినసేనుని ఆదిపురాణము. శ్వేతాంబర సంప్రదాయములో సోదరీమణులగు బ్రాహ్మి, సుందరి వచ్చి, గర్వమను ఏనుగునుండి దిగుమని అన్నకు బోధించిరి. ఏ సంప్రదాయమున చూచినను, కదలక నిలిచిన మహాపురుషుని చుట్టిన బంధమును విప్పుచున్న చేతులు స్త్రీలవి. శ్రవణబెళగొళలో గోమ్మటుని ప్రక్కన ఈ స్త్రీలు లేరు. వారికి బదులు గర్వము దించుటకు ద్వారమువద్ద గుళ్ళకాయజ్జి నిలిచినది.

ఐనను దేవికి సింహాసనమిచ్చినంత మాత్రమున ఇంటి యిల్లాలికి పెత్తనమిచ్చినట్లు కాదు. యక్షిని పూజించిన యింటనే కోడలు నోరు మెదపలేకపోవుట ఉండును. దేవతామూర్తి కోరికను చెప్పును, దానశాసనము జరిగినదానిని చెప్పును. అందుచేతనే పద్దు చదువవలెను.

తెలుగు నేలపై

తెలుగు దేశమున జైన స్త్రీల దానములు రాగిరేకులపై నిలిచినవి. తూర్పు చాళుక్య వంశమునకు మూలపురుషుడైన కుబ్జవిష్ణువర్ధనుని రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని నడుంబి వసదికి ముషినికొండ గ్రామమును దానముచేసెను. ఆ వసది నేడు లేదు. పదవ శతాబ్దమున రెండవ అమ్మరాజు కాలమున, అత్తిలి సీమలోని కలుచుంబఱ్ఱు గ్రామము సర్వలోకాశ్రయ జినభవనమునకు దానముగా వచ్చుటకు కారకురాలు చామెకాంబ. ఆమె గణిక, అర్హనంది ముని శిష్యురాలగు శ్రావిక. మథుర వసువును, గోదావరి తీరపు చామెకాంబను వందల మైళ్ళును, దాదాపు వేయి ఏండ్లును వేరుచేసినను, రెండు వ్రాతలును ఒకే మాట చెప్పుచున్నవి.

వేంగి దేశపు వంశములో పుట్టి కర్ణాటకమున కీర్తి గాంచిన అత్తిమబ్బెకు దానచింతామణి యని బిరుదు. పొన్నకవి శాంతిపురాణమునకు వేయి ప్రతులు వ్రాయించి పంచిపెట్టెను. రన్నకవి 993లో రచించిన అజితపురాణమునకు పోషకురాలు ఆమెయే. 1007లో లక్కుండిలో బ్రహ్మజినాలయము కట్టించెను. ఆ దేవాలయపు శిఖరమును ఎంతసేపు చూచినను దానిని కట్టించినది ఒక వితంతువని తెలియదు. శాసనము చదివిననే తెలియును. అచ్చుయంత్రము లేని దినములలో వేయి తాళపత్ర ప్రతులనగా ఎందరు లేఖకుల కూలి, ఎన్ని నెలల పనియో వర్తకులకు లెక్క చెప్పనక్కరలేదు.

కుటుంబములు చూడవలసిన నాలుగు సంగతులు

తీర్థయాత్రకు పోవు కుటుంబములు పిల్లలను దగ్గర నిలుపుకొని ప్రతి విగ్రహమువద్ద ఈ నాలుగు ప్రశ్నలు వేసినచో యాత్ర చదువుగా కూడ పనికివచ్చును.

1. ఇందులో స్త్రీ ఎచ్చట నున్నది? ఆమె ప్రక్కనున్న పురుషునికన్న పెద్దదా, చిన్నదా, సమానమా?

2. ఆమెపై ఎవరైన గొడుగు పట్టిరా, లేక ఆమెయే ఇతరులపై పట్టినదా?

3. ఆమె చేతిలో ఏమున్నది? ఆ వస్తువు అలంకారమా, పనిముట్టా, ఆయుధమా, పుస్తకమా?

4. పీఠముపైని వ్రాతలో ఎవరి పేరున్నది? ఆమె తన పేరుతో ఉన్నదా, ఒకరి భార్య యని మాత్రమే ఉన్నదా?

నాలుగవ ప్రశ్నను ప్రాచీన శాసనములకు మాత్రమే వదలిపెట్టరాదు. నేడు దేవాలయములలో గోడలకు అమర్చు చలువరాతి పలకలపైని దాతల పేర్లలో దుకాణము పేరు ముందు పడును, యజమాని పేరు పిమ్మట పడును, కుమారుల పేర్లు వరుసగా వచ్చును. చాతుర్మాసమున సాధువులకు ఆహారదానము సాగించినవారును, ఉపవాసములు పట్టినవారును, పుట్టింటి సొమ్ము అమ్మి పూజాపాత్రలు చేయించినవారును చాల ఇండ్లలో స్త్రీలే. పలకపై వారు “కుటుంబ సభ్యులు” అను రెండు మాటలలో ఇమిడిపోవుదురు. కొన్నిచోట్ల అదియు లేదు.

కొట్టులో ఒకరి ఖాతాలో జమ కావలసిన రూపాయి మరియొకరి ఖాతాలో జమయైనచో ఆ దినము లెక్క సరిపోదు. సరిచేయువరకు వర్తకుడు దీపము ఆర్పడు. ధర్మఖాతాకు అంతకన్న తక్కువ శ్రద్ధ తగదు. పలక చెక్కించుటకు ముందు ఆ దానము ఎవరి చేతినుండి వచ్చినదో విచారించి, ఆ పేరే చెక్కించుట వ్యయములేని పని. ఖారవేలుని పట్టమహిషి పేరును నేడెవ్వరును కనుగొనజాలరు. ఇప్పటి ఇల్లాలి పేరు మాత్రము ఇంటనే ఉన్నది, పిలిచి అడిగిన చాలును.